ఘాట్ ఎక్కేటప్పుడే వెలిగే చెక్ ఇంజిన్ లైటు: పాత డీజిల్ వ్యాన్‌లో పీ0087 కోడ్‌కు అసలు కారణాన్ని పట్టుకోవడం ఎలా?

కడియం_వ్యాన్

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2014లో హైదరాబాదులో రిజిస్టరైన బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ వ్యాన్ ఉంది. కామన్ రైల్ ఇంజిన్ (పంపు నుంచి ఎక్కువ పీడనంతో వచ్చే డీజిల్ రైల్ అనే ఒకే గొట్టంలో నిలిచి, అక్కడి నుంచి అన్ని సిలిండర్లకూ పోతుంది), నాలుగు సిలిండర్లు. సెకండ్ హ్యాండులో కొన్నాను. కడియం నర్సరీల నుంచి మొక్కలు ఎక్కించుకుని రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం వైపు తిరుగుతుంటాను.

రాజమండ్రి నుంచి రంపచోడవరం దాకా బండి చక్కగా నడుస్తుంది. మారేడుమిల్లి దాటి ఘాట్ మొదలయ్యాక, నిండు లోడుతో మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిన కాసేపటికి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, వెంటనే పికప్ పడిపోతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా ఇంజిన్ వేగం పెరగదు. బండిని పక్కకు ఆపి తాళం తీసి మళ్లీ వేస్తే బలం తిరిగి వస్తుంది గాని లైటు మాత్రం ఆరదు. పొగ ఎక్కువగా రావడం లేదు, ఉదయం పూట ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది.

మొదట చూపించిన వర్క్‌షాపులో స్కానర్ పెట్టి పీ0087, అంటే రైల్‌లో పీడనం తక్కువగా ఉందన్న కోడ్ చూపించారు. రైల్ ప్రెషర్ సెన్సర్ మార్చి, కోడ్ చెరిపి పంపించారు. తర్వాతి ఘాట్ ప్రయాణంలోనే అదే లైటు, అదే కోడ్ వచ్చాయి. డీజిల్ ఫిల్టర్ కూడా మార్పించాను. ఇప్పుడు మరో చోట పంపు మొత్తం మార్చాలంటున్నారు. ఆ ఖర్చు నాలాంటివాడికి చిన్నది కాదు. పంపు మీద చేయి వేసే ముందు ఏమేం పరీక్షించాలో, ఏ వరుసలో పరీక్షించాలో తెలిసినవారు చెప్పగలరు.

ఆటోనగర్_పంపుగది

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు, నాజిళ్ల పని చేస్తుంటాను. ముందుగా ఒక మనవి: ఈసారి లైటు వెలిగితే ఎవరినీ కోడ్ చెరపనివ్వకండి. తప్పు పడిన క్షణంలో ఇంజిన్ వేగం ఎంత, లోడు ఎంత, కూలెంట్ వేడి ఎంత, రైల్ పీడనం ఎంత అన్న వివరాలను ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఆ కోడ్‌తో పాటే దాచుకుంటుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే అదీ పోతుంది. మీ మొదటి వర్క్‌షాపు ఆ ఫ్రేమ్ చదివి కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే ఇవాళ సగం పని అయిపోయి ఉండేది.

పీ0087 అనేది ఏ భాగం చెడిందో చెప్పే కోడ్ కాదు. నేను ఇంత పీడనం అడిగాను, రైల్‌లో అంత రాలేదు అని కంప్యూటర్ చేసే ఫిర్యాదు అది. డీజిల్ నడిచే దారిని ఒకసారి మనసులో పెట్టుకోండి. ట్యాంకు అడుగున డీజిల్‌ను వడకట్టే జాలీ, అక్కడి నుంచి ఛాసిస్ వెంట వచ్చే పైపు, ఫిల్టర్, హై ప్రెషర్ పంపులోనే ఉండే చిన్న ఫీడ్ పంపు, ఎంత డీజిల్ లోపలికి పోవాలో నిర్ణయించే మీటరింగ్ యూనిట్, ఆ తర్వాత పంపు, రైల్, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, చివరికి మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ పైపు. ఈ దారిలో ఎక్కడ డీజిల్ అందకపోయినా, ఎక్కడ కారిపోయినా రైల్‌లో కనబడేది ఒకటే లక్షణం. ఈ వరుసలో అన్నింటికంటే ఖరీదైన భాగం పంపు. నా దగ్గరికి ఈ కోడ్‌తో వచ్చే బళ్లలో చాలావాటికి పంపు బాగానే ఉంటుంది.

కొన్ని ప్రశ్నలు. ట్యాంకు సగానికి తగ్గినప్పుడు ఇబ్బంది ఎక్కువవుతోందా? ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పాల్సి వస్తోందా? ఫిల్టర్‌లో నీరు ఉందని చూపే లైటు ఎప్పుడైనా వెలిగిందా?

లోడు_బండి_గుంటూరు

మా బండిలో ఇలాగే పికప్ పోతే ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) కార్బన్ పట్టి బిగుసుకుపోయిందని తేలింది. దానికి అడ్డంగా ఒక రేకు ముక్క వేసి మూసేశారు. మీరూ అలా చేసి చూడండి, ఖర్చు కూడా తక్కువే.

ఆటోనగర్_పంపుగది

అయ్యా, మీ బండికి అది కుదిరి ఉండవచ్చు గాని ఇక్కడ వర్తించదు. ఈజీఆర్ బిగుసుకుంటే పీ0401 వంటి కోడ్ వస్తుంది, లేదా గాలి కొలతకు సంబంధించిన పీ0101 వస్తుంది. రైల్‌లో పీడనం తగ్గడానికి ఈజీఆర్‌కు సంబంధం లేదు. పైగా ఓబీడీ, అంటే తప్పులను తనే కనిపెట్టే వ్యవస్థ ఉన్న బీఎస్-4 బండికి ఆ రేకు వేస్తే వాయువు ప్రవాహం లేదని కంప్యూటర్ గుర్తించి మరో లైటు వెలిగిస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరుగుతాయి. ఒక తప్పును వెదికేటప్పుడు రెండో తప్పును మనమే తెచ్చి పెట్టుకోకూడదు.

కడియం_వ్యాన్

మీ సలహా ప్రకారం కోడ్ చెరపకుండా ఉంచి, ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే ఈఎల్ఎం327 రకం చిన్న స్కానర్ కొని ఫ్రీజ్ ఫ్రేమ్ చదివాను. తప్పు పడినప్పుడు ఇంజిన్ వేగం నిమిషానికి 2,450 చుట్లు, లోడు 94 శాతం, కూలెంట్ వేడి 88 డిగ్రీలు. రైల్ పీడనం 86,000 అని చూపించింది. ఈ అంకె నాకు అర్థం కాలేదు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు 28,000 దగ్గర నిలకడగా ఉంటోంది.

మీ ప్రశ్నలకు జవాబులు. ట్యాంకు తగ్గినప్పుడు లైటు త్వరగా వస్తోందన్నది నిజమే, మీరు అడిగాకే గమనించాను. వేడి ఇంజిన్ కూడా వెంటనే స్టార్ట్ అవుతుంది. నీటి లైటు ఎప్పుడూ వెలగలేదు.

విద్యుత్_వైరింగ్

ఆ యాప్ పీడనాన్ని కిలోపాస్కల్‌లలో చూపిస్తోంది. 100 కిలోపాస్కల్‌లు ఒక బార్. అంటే తప్పు పడినప్పుడు 860 బార్, ఐడిల్‌లో 280 బార్ ఉన్నాయి. ఐడిల్ అంకె ఆరోగ్యంగానే ఉంది. అయితే కంప్యూటర్ ఎంత అడిగిందో తెలియకుండా 860 తక్కువో ఎక్కువో తేల్చలేం. పాత బళ్లలో చాలావాటికి ఆ అంకె ఇలాంటి చిన్న స్కానర్‌లో రాదు. ఆ కంపెనీ బళ్ల సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానర్‌తో, అడిగిన పీడనాన్ని, వచ్చిన పీడనాన్ని పక్కపక్కన గ్రాఫుగా పెట్టి, ఒక మనిషి బండి నడుపుతుండగా మరొకరు చూడాలి.

సెన్సర్ సంగతి కూడా చెబుతాను. ఈ రకం సెన్సర్లకు మూడు వైర్లు ఉంటాయి: ఒకటి 5 వోల్టుల సరఫరా, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. బండి బాగా చల్లారి రైల్‌లో పీడనం పూర్తిగా దిగిపోయాక, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి సిగ్నల్ వైరు మీద మీటరు పెడితే సుమారు అర వోల్టు కనబడాలి. స్కానర్‌లో పీడనం సున్నా దగ్గర ఉండాలి. ఈ రెండూ సరిగా ఉంటే సెన్సర్‌ను అనుమానించడానికి ఆధారం చాలా తక్కువ. సెన్సర్ గాని, దాని వైరు గాని పాడైతే సాధారణంగా పీ0190 నుంచి పీ0193 మధ్య కోడ్‌లు వస్తాయి. మీకు అవేవీ రాలేదు. కాబట్టి మీటరు పెట్టకుండా సెన్సర్ మార్చడం సరైన పని కాదని నా అభిప్రాయం. మీ డబ్బు పోవడం ఒక నష్టమైతే, మార్చేశాం కదా అన్న ధీమాతో అసలు చోటు వైపు ఎవరూ చూడకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

పనిలో పనిగా ఇంజిన్ ఎర్త్ స్ట్రాప్ తుప్పు పట్టిందేమో, సెన్సర్ వైర్లు ఎక్కడైనా రేకుకు రాసుకుని తోలు ఊడిందేమో కంటితో చూడండి. ఘాట్‌లో ఇంజిన్ మౌంటుల మీద ఒరిగినప్పుడు మాత్రమే తగిలే వైర్లు ఉంటాయి.

బర్మింగ్‌హామ్_తెలుగు

ఇంగ్లండులో పాత డీజిల్ వ్యాన్ నడుపుతున్నాను. ఇక్కడ 2018 మే 20 నుంచి ఎంఓటీ అనే వార్షిక బండి పరీక్షలో ఇంజిన్ లైటు వెలుగుతూ ఉంటే బండిని ఫెయిల్ చేస్తారు. డీజిల్ బళ్ల విషయంలో 2008 జులై 1న గాని ఆ తర్వాత గాని మొదటిసారి రోడ్డెక్కిన వాటికి ఇది వర్తిస్తుంది. అందువల్ల పరీక్షకు ముందు రోజు కోడ్ చెరిపించుకునేవారు ఇక్కడా ఉన్నారు. దానివల్ల ఒరిగేది ఏమీ ఉండదు. కారణం అలాగే ఉంటే లైటు మళ్లీ వస్తుంది, ఈలోపు ఫ్రీజ్ ఫ్రేమ్ పోయి ఉంటుంది.

ఇంకో మాట. లైటు దానంతట అదే ఆరిపోయినా తప్పు తొలగిందని అనుకోకూడదు. సాధారణంగా వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లలో తప్పు కనబడకపోతే కంప్యూటర్ లైటును ఆర్పేస్తుంది గాని, కోడ్ మాత్రం మరో 40 వార్మప్ సైకిళ్ల (చల్లటి ఇంజిన్ స్టార్టై పూర్తిగా వేడెక్కడం ఒక సైకిల్) దాకా జ్ఞాపకంలోనే ఉంటుంది. మైదానంలో తిరిగినన్నాళ్లు ఆరిపోయి, ఘాట్ ఎక్కగానే వెలిగే బళ్ల విషయంలో ఈ సంగతి చాలామందిని తికమక పెడుతుంది.

కడియం_వ్యాన్

రాజమండ్రిలో సరైన సాఫ్ట్‌వేర్ ఉన్న ఒకాయన దొరికారు. లోడుతో ఆయన్ను వెంటబెట్టుకుని ఘాట్ దాకా వెళ్లాం. లైటు పడేటప్పుడు కంప్యూటర్ అడిగిన పీడనం 1,210 బార్, వచ్చింది 860. గ్రాఫులో ఒక విషయం స్పష్టంగా కనబడింది. యాక్సిలరేటర్ నొక్కిన మొదటి రెండు మూడు సెకన్లు రెండు గీతలూ కలిసే పైకి వెళ్లాయి, ఆ తర్వాత వచ్చిన పీడనం గీత మెల్లగా జారిపోయింది. సెన్సర్ వోల్టేజి, ఎర్త్, వైర్లు అన్నీ బాగున్నాయి.

ఆటోనగర్_పంపుగది

ఈ గ్రాఫు వివరణ నాకు చాలా ముఖ్యం. పంపు లోపల అరిగిపోయి ఉన్నా, నాజిళ్లు విపరీతంగా కారుతున్నా మొదటి క్షణం నుంచే పీడనం వెనకబడుతుంది. స్టార్టింగ్ కూడా కష్టమవుతుంది, ముఖ్యంగా డీజిల్ పలచబడే వేడి ఇంజిన్‌లో. మీ బండిలో మొదట అడిగినంత వచ్చి, ఆ తర్వాత జారుతోంది. ఫిల్టర్‌లోనూ పైపులోనూ నిలవ ఉన్న డీజిల్ ఖర్చయ్యేదాకా బాగుండి, వెనక నుంచి కొత్త డీజిల్ అందక పడిపోతోందని నా అనుమానం. ఇంజిన్‌కు డీజిల్ కావలసినంత రావడం లేదు. ట్యాంకు తగ్గినప్పుడు లైటు త్వరగా వస్తోందన్న మీ మాట కూడా దీనికే బలం చేకూరుస్తోంది.

అందుచేత మీరు పరీక్షించాల్సిన వరుస ఇది. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే రబ్బరు పైపు స్థానంలో తాత్కాలికంగా డీజిల్‌కు తట్టుకునే పారదర్శక హోస్ పెట్టి, ఇంజిన్ వేగం పెంచుతూ బుడగలు వస్తున్నాయేమో చూడండి. బుడగలు వరసగా వస్తుంటే ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. బుడగలు లేకపోతే పైపులో పంపు ఎంత గట్టిగా పీలుస్తోందో చూపే వాక్యూమ్ గేజును ముందు ఫిల్టర్‌కు ట్యాంకు వైపున, తర్వాత పంపు వైపున కలిపి చూడండి. రెండు చోట్ల అంకెలకు తేడా ఎక్కువగా ఉంటే ఫిల్టర్ అడ్డుపడుతోంది. ట్యాంకు వైపునే వాక్యూమ్ లోతుగా పోతుంటే అడ్డు అంతకు వెనక, అంటే పైపులో గాని జాలీలో గాని ఉంది. ఎంతవరకు పోవచ్చన్న హద్దు బండి మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి దాన్ని కంపెనీ మాన్యువల్‌లోనే చూడాలి.

ఆ తర్వాత నాజిళ్ల రిటర్న్ పరీక్ష. నాలుగు నాజిళ్ల రిటర్న్ గొట్టాలను నాలుగు ఒకే రకం సీసాల్లోకి వదిలి, ఒకే సమయానికి ఏది ఎంత వదిలిందో కొలవాలి. లోపల కారే నాజిల్ ఎక్కువ వదులుతుంది. ఇది రిటర్న్ గొట్టాల దగ్గర మాత్రమే చేయాలి. ఇంజిన్ నడుస్తుండగా గాని, ఆపిన వెంటనే గాని రైల్ నుంచి నాజిల్‌కు వెళ్లే ఇనప పైపు నట్లను ఎవరూ వదులు చేయకూడదు. పాత ఇంజిన్లలో ఎయిర్ తీయడానికి నట్టు వదులు చేసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. కామన్ రైల్‌లో అది ప్రాణాంతకం. వెయ్యి బార్ దాటిన డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి శస్త్రచికిత్స చేయించుకోవాల్సినంత ప్రమాదం అది. కారుతోందేమో చూడాలంటే వేలు పెట్టకండి, అట్టముక్క పెట్టండి.

లారీ_అనుభవం

డీజిల్‌లో కొంచెం 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్ల పెట్రోలులో కలిపేది) కలిపితే పంపు, నాజిళ్లు మెత్తగా నడుస్తాయని మా డ్రైవర్లందరూ చెబుతారు. దీనికి పనికొస్తుందా?

ఆటోనగర్_పంపుగది

పనికిరాదు. బీఎస్-4 కాలంలో 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) ఉన్న గంధకం బీఎస్-6 డీజిల్‌లో 10 పీపీఎంకు తగ్గిన మాట నిజం. గంధకం తీసేటప్పుడు డీజిల్‌కు సహజంగా ఉండే కందెన గుణం తగ్గుతుంది కాబట్టి రిఫైనరీలోనే దానికి తగిన పదార్థం కలుపుతారు. మనం విడిగా ఏదీ కలపనవసరం లేదు. ట్యాంకులో అడ్డుపడినదాన్ని ఆయిల్ కరిగించదు.

గాజువాక_వ్యాన్

నాకూ ఇదే కోడ్ వచ్చింది గాని కారణం వేరు. ఫిల్టర్ మార్చినప్పుడు చేత్తో నొక్కే ప్రైమింగ్ పంపు దగ్గర రబ్బరు వాషర్ సరిగా కూర్చోలేదు. అక్కడ డీజిల్ బయటికి కారేది కాదు, గాలి మాత్రం లోపలికి పోయేది. పీల్చే వైపున చీలిక ఉంటే తడి కనబడకపోవచ్చు. అందువల్ల పొడిగా ఉంది కదా అని ఆ పైపులను వదిలేయకండి. పారదర్శక హోస్ పెట్టిన వెంటనే నాకు విషయం తెలిసిపోయింది.

కడియం_వ్యాన్

పరీక్షలు పూర్తి చేయించాను. మెకానిక్ పారదర్శక హోస్ పెట్టి ఐడిల్‌లోనూ, వేగం పెంచీ చూశారు. మొదట్లో రెండు మూడు చిన్న బుడగలు పోయాక డీజిల్ స్వచ్ఛంగా కదిలింది. గాలి లేదని తేలింది. గేజును ఫిల్టర్‌కు ట్యాంకు వైపున పెట్టి వేగం పెంచితే ముల్లు గబగబా వెనక్కి పోయింది. పంపు వైపున పెట్టినా దాదాపు అదే అంకె వచ్చింది. అంటే ఫిల్టర్ తప్పు కాదు, అడ్డు ట్యాంకు వైపు ఉంది.

రిటర్న్ పరీక్షలో నాలుగు సీసాల్లో వరసగా 38, 40, 37, 52 మిల్లీలీటర్లు వచ్చాయి. నాలుగోది ఎక్కువగా ఉంది. దీన్ని ఇప్పుడే మార్చాలా?

ట్యాంకు దింపించాను. మెకానిక్ డీజిల్ తీసుకునే గొట్టాన్ని బయటికి లాగి చూపించారు. దాని అడుగున ఉన్న నైలాన్ జాలీ మీద ముదురు గోధుమరంగు జిగురు పొర పట్టి ఉంది. వేలితో రుద్దితే సబ్బులా జారింది, కింద జాలీ కళ్లు మూసుకుపోయి కనబడ్డాయి. ఒక పక్కన మాత్రమే కాస్త జాలీ తెరుచుకుని ఉంది. ట్యాంకు అడుగున ఉన్న డీజిల్‌ను గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే కింద నీరు విడిగా చేరింది.

ఆటోనగర్_పంపుగది

కారణం దొరికినట్టే. నీరూ డీజిలూ కలిసే అంచున సూక్ష్మజీవులు పెరిగి ఇలాంటి జిగురు తయారవుతుంది. వానాకాలంలో సగం ఖాళీ ట్యాంకుతో బండి రోజుల తరబడి నిలిచి ఉంటే గాలిలోని తేమ ట్యాంకు గోడల మీద నీరై కిందికి చేరుతుంది. మూత రబ్బరు పాడైనా వాన నీరు దిగుతుంది. బయోడీజిల్ పేరుతో తక్కువ ధరకు రోడ్డు పక్కన దొరికే సరుకు పోసిన బళ్లలో కూడా ఈ జిగురు చూస్తుంటాను. బండి సెకండ్ హ్యాండ్ కాబట్టి ముందున్నవారు ఏం పోశారో మనకు తెలియదు.

జాలీని గోకి శుభ్రం చేసి మళ్లీ వేయకండి, కొత్తది వేయించండి. అది అడ్డుపడుతోందని తీసిపారేసేవారూ ఉన్నారు, అలా అసలు చేయకండి. ట్యాంకును లోపల పూర్తిగా కడిగించి, ఆరబెట్టి, మూత రబ్బరు మార్చండి. ఛాసిస్ పైపును గాలితో ట్యాంకు వైపుకు ఊదాలి గాని ఇంజిన్ వైపుకు ఊదకూడదు, పైపును రెండు చివర్లా విప్పాకే ఊదాలి. ఫిల్టర్ కొత్తదే అయినా మళ్లీ మార్చాల్సిందే, ఎందుకంటే ఆ జిగురులో కొంత ఇప్పటికే అందులో చేరి ఉంటుంది. ఫిల్టర్ అడుగు నుంచి మొదట తీసిన డీజిల్‌ను తెల్లటి పళ్లెంలో పోసి వెలుతురులో చూడండి. అందులో వెండి రంగు రజను మెరిస్తే పంపు లోపల లోహం అరుగుతున్నట్టు, అప్పుడు మన లెక్క మారిపోతుంది. రజను లేకపోతే పంపు జోలికి పోనవసరం లేదు.

కొత్త ఫిల్టర్‌లో ప్రైమింగ్ పంపుతో డీజిల్ నింపి, గాలి పూర్తిగా తీశాకే సెల్ఫ్ కొట్టండి. హై ప్రెషర్ పంపుకు డీజిలే కందెన కాబట్టి పొడిగా తిరగనివ్వకూడదు. కోడ్ చెరపాల్సింది ఇవన్నీ అయ్యాకే.

విద్యుత్_వైరింగ్

కోడ్ చెరిపాక పాత పరిస్థితినే మళ్లీ కల్పించి చూడడం మరవకండి. ఊళ్లో తిరిగి లైటు రాలేదు కదా అంటే సరిపోదు. అదే లోడు, అదే గేరు, అదే ఎత్తు, వీలైతే ట్యాంకు సగానికి తక్కువ ఉన్నప్పుడు గ్రాఫు చూడాలి. మీది ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్‌కు పోవాలి. ఈ గ్రాఫు దగ్గర ఉంచుకుంటే తర్వాత ఏ మెకానిక్‌కైనా చూపించవచ్చు.

కడియం_వ్యాన్

చెప్పినవన్నీ చేయించాను. ఫిల్టర్ నుంచి తీసిన డీజిల్‌లో రజను లేదు, నల్లటి జిగురు ముక్కలు మాత్రం ఉన్నాయి. మూత రబ్బరు చీలి ఉందని కూడా బయటపడింది. నిండు లోడుతో ఘాట్ ఎక్కి చూశాం. అడిగిన పీడనం 1,230 బార్ ఉన్నప్పుడు వచ్చింది 1,205 నుంచి 1,240 మధ్య కదులుతూ, యాక్సిలరేటర్ నొక్కి ఉంచినంతసేపూ రెండు గీతలూ విడిపోకుండా వెళ్లాయి. లైటు రాలేదు. చింతూరు దాటి భద్రాచలం చేరేదాకా, మళ్లీ ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు కూడా రాలేదు. పంపుకు పోయే డబ్బంతా మిగిలింది. ఇంత ఓపికగా చెప్పినందుకు మీ అందరికీ కృతజ్ఞుణ్ని.

నాలుగో నాజిల్ గురించి ఒక్క మాట చెప్పండి.

ఆటోనగర్_పంపుగది

సంతోషమండీ. మిగతావాటి సగటు 38 దగ్గర ఉంటే దానిది 52. తేడా ఉంది గాని, పీడనం నిలబడుతోంది, స్టార్టింగ్ బాగుంది, పొగ లేదు కాబట్టి ఇప్పుడు మార్చమని చెప్పను. ఇప్పుడున్న ఫిల్టర్ మార్చే సమయానికి అదే రిటర్న్ పరీక్ష మళ్లీ చేయించి, అంకెలను పోల్చండి. నాలుగోది మాత్రమే పెరుగుతూ పోతే, లేదా వేడి ఇంజిన్ స్టార్ట్ కావడానికి ఆలస్యమవుతుంటే దాన్ని విప్పి బెంచి మీద పరీక్షించాలి.

ఒకవేళ మార్చాల్సి వస్తే, కొత్త నాజిల్ తల మీద అక్షరాలు, అంకెలు కలిపి చెక్కిన ఒక కోడ్ ఉంటుంది. అది ఆ ఒక్క నాజిల్ తయారీలోని సూక్ష్మ తేడాలకు గుర్తు. చాలా బళ్లలో దాన్ని స్కానర్‌తో ఇంజిన్ కంప్యూటర్‌లో ఆ సిలిండర్ పేరున ఎక్కించాలి, లేకపోతే ఐడిల్‌లో కుదుపు, పొగ వస్తాయి. బిగించాక ఆ కోడ్ కనబడకుండా పోవచ్చు కాబట్టి ముందే ఫోటో తీసి పెట్టుకోండి. నాజిల్ కింద ఉండే రాగి వాషర్ పాతది మళ్లీ వేయనివ్వకండి.